చివరి నుంచి చదవాలె

కాజీపేట ఆర్‌ఎమ్మెస్‌ల ముప్పై నాలుగేండ్లు
ఉత్తరాలను కిందికెల్లి మీదికి చదివిన.
పేరు మీద కన్ను పెడితే పని తెగదు.
ముందుగాల పిన్ను, ఎనుక జిల్లా, ఆ ఎనుక ఊరు.
కవరు గూట్లెకు ఇసిరేసినంక కూడా
అది ఎవరిదో నాకు తెల్వదు.
పేరన్నది, ఆఖరున సైకిలెక్కి పోయేటోడు
చూసుకునే ముచ్చట.

ఇగ ఇప్పుడు పింఛను కాయితంల ఒక గడి ఖాళీగున్నది:
ఈమెయిలు అడ్రసు.

ఫాతిమానగర్ బ్రిడ్జి దిగినంక నెట్ సెంటరు.
షాహెదా అని పిల్ల, పండ్ల నడుమ పిన్నీసు పట్టి
స్కార్ఫు సదురుకుంటనే టకటక కొడ్తది.
"పేరు చెప్పు తాతా."
"బైరి ఓదెలు."
ఓదెలు ఒక్కటే కొట్టి చూసింది. దొరకదట.
ఏ ఊరి ఓదెలో
నాకంటె ముందు లేచి బోణీ చేసిండు.
బైరి కలిపింది. అది కూడా పోయింది.
"ఏదన్న నెంబరు చెప్పు, నీకు మర్వనిది."
పెండ్లి తేదీ యాదికి రాలే.
పదిహేడన్న. నేను నిలబడ్డ గూళ్ల వరస నెంబరు.

ఇంగ్లీషు రాతల నా ఓకారం దీర్ఘం రాలిపోయింది.
రాలితే రాలనియ్.
పేరుకు, ఇంటిపేరుకు నడుమ జర జాగ ఇడువుమన్న.
"సందు ఉండొద్దు తాతా, అంత అంటుకొనే ఉండాలె."
సందు లేని అడ్రసు
నా సర్వీసుల ఒక్కటి సూడలే.

గప్పుడు కొట్టింది ఆ గుర్తు.
తన తోక తనే పట్టుకోబోయి
ఒక్క సుట్టుకే అలిసిపోయిన చిన్న ఏ.
గిది నాకు ఎరికే!
ఎనుమాముల మార్కెట్ల మా బామ్మర్ది మిర్చి అమ్మితే
తక్‌పట్టీ మీద గుమస్తా ఏసేటోడు:
ఇన్ని క్వింటాళ్లు, గీ గుర్తు, ఇంత ధర.
"ఎట్ ద రేట్" అన్నది పిల్ల.
"నాకెంత కట్టిండ్రు బిడ్డా?"
పిన్నీసు కింద పడేటట్టు నవ్వింది.
"ధర కాదు తాతా. కాడ అనుకో.
ఓదెలు, ఫలానోళ్ల కాడ."

కాడ.
నలభై కిలోల సంచి దించినట్టు తేలికైంది తల.
మనకైతె ఇంటిపేరు ముందు, మనిషి ఎనుక.
ఇక్కడ మనిషి ముందట నిలబడి
ఇల్లును ఎనుక కట్టుకున్నడు.
ఇంటి పేరేమో జీమెయిల్,
చుక్క అవతల కామ్, పెద్ద లైను.

"మరి మిషను ఎటుకెల్లి చదువుతది?"
"ముందు ఈ గుర్తుకు కుడిదిక్కు చూస్తదట.
ఆ ఇంటికి చేరినంకనే నీ పేరు దేవులాడుతరట."
నేను కుర్చీల సక్కగ కూసున్న.
మా పనే అది.
మా పనే, గూళ్లు లేవు, లక్క లేదు, రాత్రి బండి లేదు.

కాకపోతే ఒక్కటి.
"సోమిడి, మేకల ఎల్లవ్వకు" అని
పిన్ను లేక, వీధి లేక వచ్చిన కార్డు
నాలుగొద్దులకు ఆమె చేతిల పడ్డది.
ఎవలో ఎవలనో అడిగిండ్రు.
ఈ మిషను ఎవల్ని అడగదు.

మొదటి ఉత్తరం బల్లార్షా దేవాజీకి రాసిన,
ముప్పైయేండ్లు ఎదురు బండ్ల సంచులు మార్చుకున్న దోస్తు.
ఫోన్ల అడ్రసు చెప్పిండు, నేను రాసుకున్న.
"అరే, ఎట్లున్నవ్, మోకాళ్లెట్లున్నయ్"
అని రెండు లైన్లు. పంపమన్న.
చాయ్ ఇంకా నోటికి అందలే,
తిరిగొచ్చింది.
మా జమానల తిరుగుటపా అంటే
పది ముద్రలు గుద్దించుకొని, మూలలు నలిగి,
రెండు నెలలకు సిగ్గుపడుకుంట వచ్చేది.

మల్ల దేవాజీకి ఫోన్ జేసిన.
మనకు వ ఒక్కటే.
వాళ్ల దిక్కు రాసేది డబ్ల్యూతోనట.

షాహెదా కీబోర్డు ఇటు జరిపింది.
అలవాటు పోదు కద,
ఎర్ర పెన్సిలుకని చెయ్యి జేబుల పెట్టిన.
ఏం లేదు.
ఒక్క వేలుతోని వీ చెరిపి
డబ్ల్యూ కోసం ఎతుక్కుంట కూసున్న.